ఊరు మారిన ఆట, రైలెక్కని ఆటగాడు

శ్రోతలకు నమస్కారం.

దేశం యుద్ధంలో దిగితే కాలేజీ ఆటలు ఏమవుతాయి? 1941లో అమెరికా పడమటి తీరాన ఆరెగాన్ స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు ఏం జరిగిందో చెబుతాను. ఈ ఫుట్‌బాల్ మనం కాలితో తన్నేది కాదు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట. రూల్స్ జోలికి పోను, ఉన్న కాస్త టైమూ వాటికే అయిపోతుంది.

ఆ సీజన్‌లో వాళ్ళు మొదటి మ్యాచే ఓడిపోయారు. తర్వాత పడుతూ లేస్తూ వచ్చి, నవంబర్ 29న పొరుగున ఉన్న ఆరెగాన్ యూనివర్సిటీని 12-7తో ఓడించారు. దాంతో జనవరి 1న కాలిఫోర్నియాలోని పాసడీనాలో జరిగే రోజ్ బౌల్ అనే పెద్ద మ్యాచ్ ఆడే అర్హత దక్కింది. అక్కడి కాలేజీ కుర్రాళ్ళకు అంతకు మించిన పండగ లేదు. ఆ సంబరం ఎనిమిది రోజులే. డిసెంబర్ 7న హవాయిలోని అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులు వేసింది. అమెరికా యుద్ధంలో దిగింది.

వేలమంది ఒకచోట చేరితే ప్రమాదమని, పడమటి తీరంలో ఆట వద్దని సైన్యం చెప్పింది. అప్పుడు ప్రత్యర్థి జట్టు డ్యూక్ యూనివర్సిటీ కోచ్ వాలెస్ వేడ్, మ్యాచ్ మా ఊళ్ళోనే పెట్టుకుందాం రమ్మన్నాడు. వాళ్ళ ఊరు డర్హమ్, దేశానికి ఆ చివర, నార్త్ కరోలినాలో. అక్కడి స్టేడియంలో పట్టేది సుమారు 35,000 మంది. పక్క కాలేజీల నుంచి బెంచీలు అరువు తెచ్చి, 56,000 మందిని కూర్చోబెట్టారు. తీరం భయం మనకూ తెలియనిది కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలి కొన్నాళ్ళు గుంటూరులో నడిచింది.

సరే, ఆట ఊరు మారింది. ఆరెగాన్ స్టేట్ కుర్రాళ్ళు రైలెక్కారు. ఒకడు మాత్రం ఎక్కలేదు. అతని పేరు జాక్ యోషిహారా.

జాక్ పుట్టింది జపాన్‌లో. పసితనంలోనే అమెరికా వచ్చేశాడు. పెరిగింది అక్కడే, చదివింది అక్కడే, బంతి పట్టింది అక్కడే. డర్హమ్ ప్రయాణానికి ముందు జట్టు ప్రాక్టీస్ చేస్తుండగా అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ వాళ్ళు గ్రౌండుకే వచ్చారట. జపాన్ వాళ్ళు ఇంటి నుంచి 35 మైళ్ళు దాటి వెళ్ళకూడదు కాబట్టి ఇతను ప్రయాణం చేయడానికి వీల్లేదన్నారు. అంతే. జట్టు సుమారు 3,000 మైళ్ళు వెళ్ళింది, జాక్ వెళ్ళలేదు. తోటి ఆటగాళ్ళకు ఇరవై ఏళ్ళు అటూ ఇటూ. వాళ్ళను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. పెద్దవాళ్ళ సంగతి వేరు.

ఆ రోజు డర్హమ్‌లో వాన. అప్పటిదాకా ఓటమి ఎరగని డ్యూకే గెలుస్తుందని అందరి లెక్క. ఆట నాలుగు భాగాల్లో మూడోదానిలో స్కోరు 14-14 దగ్గర ఉండగా ఆరెగాన్ స్టేట్ ఆటగాడు బాబ్ డెత్‌మన్ విసిరిన బంతిని అదే జట్టు జీన్ గ్రే అందుకుని, చివరిదాకా పరిగెత్తి స్కోరు చేశాడు. మొత్తం 68 గజాలు. ఆట 20-16తో ఆరెగాన్ స్టేట్‌ది. ఆ బంతి పట్టిన గ్రే యుద్ధంలో జర్మనీ మీద విమానం నడిపి క్షేమంగా తిరిగొచ్చాడు. తర్వాత ఒక విమాన ప్రమాదంలో రెండు చేతులూ పోగొట్టుకున్నాడు. ఈ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

ఆ మ్యాచ్‌లోని రెండు జట్ల నుంచీ చాలామంది యుద్ధానికి వెళ్ళారు. నలుగురు తిరిగి రాలేదు, ముగ్గురు డ్యూక్ వాళ్ళు, ఒకరు ఆరెగాన్ స్టేట్ కుర్రాడు. ఇటలీలో గాయపడి పడి ఉన్న డ్యూక్ ఆటగాడు చార్లెస్ హేన్స్‌ను కాపాడింది ఆరెగాన్ స్టేట్‌లో ఆడిన ఫ్రాంక్ పార్కర్. కోచ్ వేడ్ కూడా సైన్యంలో చేరి యూరప్ వెళ్ళాడు.

మరి జాక్? జపాన్ సంతతి అన్న కారణంగానే అతన్ని కుటుంబంతో సహా ఐడహో రాష్ట్రంలోని మినిడోకా నిర్బంధ శిబిరానికి పంపారు. చదువు మధ్యలో ఆగిపోయింది. 2008లో, యుద్ధం వల్ల చదువు ఆగిన జపనీస్ అమెరికన్ విద్యార్థులకు ఆ కాలేజీ గౌరవ డిగ్రీలు ఇచ్చింది. జాక్‌కూ ఇచ్చింది. అరవై ఆరేళ్ళు ఆలస్యంగా. ఇవ్వకపోవడం కంటే నయమే అనుకోండి.

ఒక చిన్న పని చెప్పి ముగిస్తాను. మీ ఇంట్లో పాత కాలేజీ గ్రూప్ ఫొటో ఉంటే, పేర్లు గుర్తున్నవాళ్ళు ఉండగానే వెనక రాయించండి. నిలబడినవాళ్ళు, కూర్చున్నవాళ్ళు, ఎడమ నుంచి కుడికి. మెత్తని పెన్సిల్‌తో రాయండి, బాల్ పెన్నుతో ఒత్తి రాస్తే గీతలు ముందువైపు తేలతాయి. జట్టులో ఉండి కూడా ఫొటోలో లేనివాళ్ళ పేర్లు విడిగా ఒక వరసలో రాయండి, ఆ రోజు ఎందుకు రాలేకపోయారో ఒక్క ముక్కతో సహా.

సెలవు.