లిరిల్ సబ్బు నుంచి రుగ్వేదం దాకా

అందరికీ నమస్కారం.

లిరిల్ సబ్బు ప్రకటన గుర్తున్నవాళ్లు చెయ్యెత్తండి. జలపాతం కింద అమ్మాయి, "లా లలలా" అంటూ ఒక బాణీ. దాదాపు అందరికీ గుర్తుందే! మరి ఆ బాణీ కట్టిందెవరు? ఈసారి ఒక్క చెయ్యీ లేవలేదు. ఈ సాయంత్రం చెప్పబోయేది ఆయన గురించే. పేరు వన్‌రాజ్ భాటియా.

1927లో బొంబాయిలో పుట్టారు. లండన్ రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లోను, పారిస్‌లో నాదియా బూలాంజే అనే సంగీత గురువు దగ్గరా పాశ్చాత్య సంగీతం చదువుకుని 1959లో తిరిగొచ్చారు. అంత చదివొచ్చినా ఇక్కడ సింఫనీలు, అంటే పెద్ద వాద్యబృందం వాయించే రచనలు, రాయించుకునే వాళ్లెవరు? ప్రకటనల్లో పడ్డారు. మొదటిది శక్తి సిల్క్ చీరలది, తర్వాత వేల జింగిల్స్, అంటే ప్రకటనల బుల్లి పాటలు. అది చిన్న పనని నేననుకోను. అర నిమిషంలో జనం నోట పాట నిలబెట్టాలంటే మాటలా?

1974లో దర్శకుడు శ్యామ్ బెనెగల్ తన సినిమా 'అంకుర్'కి పిలిచారు, అది మన తెలంగాణ పల్లె కథే. బెనెగల్‌దే 'మంథన్'లో ప్రీతి సాగర్ పాడిన 'మేరో గామ్' తర్వాత అమూల్ ప్రకటనకెక్కింది. ప్రకటనల నుంచి సినిమాకొచ్చిన మనిషి పాట మళ్లీ ప్రకటనకే చేరిందన్నమాట! తెలుగులోనూ ఆయన సంగీతం ఉంది. వాణిశ్రీ నటించిన 'అనుగ్రహం', హిందీలో 'కొండూరా'.

ఇక టీవీ. గోవింద్ నిహలానీ 'తమస్'కి సంగీత దర్శకుడిగా జాతీయ అవార్డు వచ్చింది. కానీ నా మనసంతా 'భారత్ ఏక్ ఖోజ్' దగ్గరే ఉంటుంది. 1988లో దూరదర్శన్‌లో మొదలై 53 భాగాలు నడిచింది. మా ఇంట్లో టీవీ లేదు, పక్కింటి గడపలో కూర్చుని చూసేవాణ్ని. దేశ చరిత్ర చెప్పే సీరియల్ కదా, టైటిల్స్‌కి ఏ దేశభక్తి గీతమో పెట్టేస్తే సరిపోయేది. అక్కడ వినిపించింది రుగ్వేదంలోని నాసదీయ సూక్తం. సృష్టికి ముందు ఏముంది అని అడిగి, "యది వా న వేద", పైనున్నవాడికైనా తెలుసో లేదో అని ఆగిపోయే సూక్తం! మంత్రం మంత్రంలాగే వినిపిస్తుంది, దాని చుట్టూ పాశ్చాత్య కోరస్ నిండుదనం. సంస్కృతం వెంటనే హిందీ. అర్థం తెలియకపోయినా ఒళ్లు జలదరించేది. పారిస్ చదువు అక్కరకొచ్చింది ఇక్కడేనని నాకనిపిస్తుంది.

2012లో పద్మశ్రీ ఇచ్చారు. గిరీశ్ కర్నాడ్ నాటకం ఆధారంగా 'అగ్నివర్ష' అనే ఆపెరా, అంటే పాటలతోనే నడిచే నాటకం, కూడా రాశారు. చివరి ఏళ్లలో డబ్బుకు ఇబ్బంది పడ్డారని పత్రికల్లో చదివి చాలామంది బాధపడ్డాం. 2021 మే 7న, 93 ఏళ్ల వయసులో ముంబైలో పోయారు.

ఇక నా మాటలు చాలు. ఆ 'భారత్ ఏక్ ఖోజ్' టైటిల్ సంగీతం పెడుతున్నాను. బాబూ, ఆ ఫ్యాన్ కాస్త ఆపండి, మొదట్లో చాలా మెల్లగా ఉంటుంది.