ఫ్రెండ్ పెళ్లికి 50 ఎంఎం ఎఫ్ 1.8 సరిపోతుందా?

హాయ్ అండీ. ఈరోజు చూసేది కెనన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం లెన్స్. 2015లో వచ్చింది, బరువు 160 గ్రాములు, ధర పదివేల చుట్టుపక్కల. చేతిలో కెనన్ 1500డీ కెమెరా ఉంది, ఫ్రెండ్ పెళ్లి దగ్గరపడింది, ఇది కొనాలా వద్దా? షార్ప్‌నెస్ చార్టులు నేను చూపించను. ఫోటోలు చూశాక పెళ్లివాళ్లు అనే మాటలున్నాయే, వాటిలో ఏది లెన్స్ తప్పో, ఏది మన తప్పో చూద్దాం.

ముందు లాభం. ఎఫ్ అంకె ఎంత తగ్గితే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుని వెలుగు లోపలికి వస్తుంది. రాత్రి ముహూర్తంలో కిట్ లెన్స్, అంటే కెమెరాతో పాటు వచ్చేది, 50 ఎంఎం దగ్గర ఎఫ్ 5.6 దాటి తెరుచుకోదు. ఇది 1.8 దాకా వెళ్తుంది, అంటే దాదాపు పది రెట్ల వెలుగు. 35 సెంటీమీటర్ల దగ్గరకెళ్లినా ఫోకస్ పడుతుంది కాబట్టి గోరింటాకు, బాసికం లాంటివి బ్రహ్మాండంగా వస్తాయి.

ఇక మాటలు. "అమ్మాయి బాగా వచ్చింది, అబ్బాయే మసగ్గా ఉన్నాడు." ఇది పూర్తిగా మన తప్పే. రెండు మీటర్ల నుంచి 1.8లో తీస్తే ఫోకస్‌లో ఉండేది 11 సెంటీమీటర్ల మందమే. పీటల మీద ఇద్దరూ పక్కపక్కనే ఉన్నా, ఒకరు కాస్త ముందుకు వంగితే చాలు, రెండో మొహం పోయినట్టే. నాలుగు మీటర్ల దూరానికి జరిగి ఎఫ్ 2.8 పెట్టండి, 65 సెంటీమీటర్ల పైనే దొరుకుతుంది. ఫోకస్‌కి మధ్య పాయింటే వాడండి. 1500డీలో ఉన్న తొమ్మిది ఫోకస్ పాయింట్లలో క్రాస్ టైప్ (నిలువు, అడ్డం గీతలు రెండింటినీ పట్టేది) అదొక్కటే, చీకట్లో మిగతావి తడబడతాయి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) లేదు, షట్టర్ స్పీడు 1/100 సెకను కంటే కిందికి దించకండి.

"మా వాళ్లందరూ ఒక్క ఫోటోలో లేరు." ఇది మాత్రం లెన్స్ తప్పే. ఐదు మీటర్ల వరసలో నిలబడ్డ చుట్టాలు పట్టాలంటే 11 మీటర్లు వెనక్కి వెళ్లాలి. అక్కడ భోజనాల బల్లలుంటాయి! గ్రూపులకి కిట్ లెన్స్ బ్యాగులో ఉండాల్సిందే.

"ఫోటోలో చారలేంటి?" అది లైట్ల సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి. తలంబ్రాల బియ్యం గాల్లో ఆగినట్టు రావాలంటే 1/500 కావాలి, ఆ స్పీడులోనే చారలు పడతాయి. అందుకే ముందే నాలుగు షాట్లు తీసి స్క్రీన్ మీద పెద్దవి చేసి చూసుకోండి. చారలొస్తే 1/100కి దిగండి, బియ్యం గీతల్లా వస్తాయి, రానివ్వండి.

"మూడు ముళ్లు కనిపించలేదే." దీనికి ఏ లెన్సూ సాయం చేయదు. ముడి పడేది మెడ వెనకాల, ఆడపడుచు జడ పక్కకి పట్టుకుని నిలబడుతుంది. ఎదురుగా ఉంటే మీకు పెళ్లికొడుకు తలే దొరుకుతుంది. వేదికకి పక్కగా, వీడియో ఆయనకి అడ్డం రాకుండా ముందే చోటు చూసుకోండి. అక్షింతలకి జనం లేచాక కదలలేరు.

చూపించేటప్పుడు తీసిన పదిహేను వందల ఫోటోలూ ఇవ్వకండి, ఎనభై ఏరండి. "ఎలా ఉన్నాయి" అంటే సూపర్ అనే అంటారు. పెళ్లికూతురి అమ్మగారి పక్కన కూర్చుని "ఇందులో ఎవరు లేరు ఆంటీ?" అని అడగండి, వేలు పెట్టి మరీ చెప్తారు.