కలెక్టర్ గారూ అంటే నవ్వారు కదా, దాని గురించి

వేదిక మీదున్న పెద్దలకి, అధ్యక్షులు మాస్టారికి, ఎదురుగా కూర్చున్న పెన్షనర్ సోదర సోదరీమణులకి, వెనకాల గిన్నెల దగ్గర నిలబడి మేమెప్పుడు ఆపుతామా అని చూస్తున్న క్యాటరింగ్ కుర్రాళ్ళకి కూడా నమస్కారం. ఎవరినైనా మర్చిపోతే ఏమీ అనుకోకండి, డెబ్భై దగ్గరపడ్డాక మర్చిపోవడం కూడా మన బెనిఫిట్స్‌లో ఒకటి.

డిసెంబర్ 17, మన పెన్షనర్ల దినం కాబట్టి ముందు పెన్షన్ కేసు వేసిన నకారా గారిని తలుచుకోవాలి. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు పెన్షన్ అనేది సర్కారు దయతలిచి ఇచ్చేది కాదు, మనం పనిచేసి సంపాదించుకున్నది అని చెప్పింది. మిగతాది ఇందాక మాట్లాడినాయన చెప్పేశారు, డి.ఏ. బకాయిల సంగతి తర్వాత మాట్లాడేవాళ్ళు చెబుతారు, నేను మధ్యలో దూరను.

నాకు మాస్టారు ఇచ్చిన టాపిక్ ఏంటంటే, ఇంటి పన్ను ఆన్‌లైన్‌లో కట్టేటప్పుడు పెద్దవాళ్ళు తీసుకోవాల్సిన జాగ్రత్తలు. రెండు పేజీలు రాసుకొచ్చానండి, ఇదిగో. కానీ ఇందాక సెక్రటరీ గారు మైకు పట్టుకుని ఇప్పుడు మన కలెక్టర్ గారు మాట్లాడతారు అన్నారు, మీరందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ముప్పై అయిదేళ్ళ నుంచీ నవ్వుతూనే ఉన్నాను, అలవాటైపోయింది. 1981లో మునిసిపాలిటీలో బిల్ కలెక్టర్‌గా చేరిన రోజు టీ కొట్టు దగ్గర మొదలైంది ఈ జోకు, 2016లో దండేసి శాలువా కప్పిన రోజు కూడా ఇదే జోకు. అందుకని ఈ రెండు పేజీలూ జేబులో పెట్టేస్తున్నాను. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, అంతే, అయిపోయింది ఆ టాపిక్కు.

ఇప్పుడు నవ్వు సంగతి. ఒకసారి చేతులెత్తండి, పిల్లలు చిన్నప్పుడు బాగా చదువుకుని కలెక్టర్ అవ్వాలిరా అని ఎంతమంది అన్నారు? చూశారా, అన్ని చేతులూ లేచాయి. బిల్ కలెక్టర్ అవ్వాలిరా అని ఎంతమంది అన్నారు? అదీ సంగతి. నేను కూడా అన్లేదండి, అబద్ధమెందుకు. మాటొక్కటే, ముందు బిల్ అని తగిలిస్తే పరువు పోయింది, తీసేస్తే జిల్లాకి దొర. నాకర్థం కానిది ఏంటంటే, కలెక్టర్ అంటే అసలు అర్థమేంటో ఒక్కళ్ళూ అడగరు. మా మనవడొక్కడే అడిగాడు. టెక్సస్‌లో పుట్టాడు, వాడి దగ్గర బొమ్మల కార్డులు రెండు డబ్బాలుంటాయి, వాటిని పోగేస్తాడు కాబట్టి నేను కలెక్టర్‌ని అంటాడు. వాళ్ళమ్మ తాతగారు కూడా కలెక్టరేరా అంటే వాడు కళ్ళింత చేసి, తాతా, నువ్వేం కలెక్ట్ చేశావు అన్నాడు. పన్నులురా అన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ ప్రశ్న మాత్రం సరైన ప్రశ్న వేశాడండీ, ఇన్నేళ్ళలో నన్నెవరూ వెయ్యలేదు.

కలెక్టర్ అంటే వసూలు చేసేవాడు, పోగేసేవాడు, అంతే. ఇంగ్లండులో రేవుల్లో కస్టమ్స్ డబ్బు వసూలు చేసేవాణ్ణి కలెక్టర్ అనేవారు. అమెరికాలో న్యూయార్క్ రేవుకి ఒక కలెక్టర్ ఉండేవాడు, ఆ దేశపు దిగుమతి సుంకంలో పెద్ద వాటా అక్కడే వచ్చేది కాబట్టి ఆ కుర్చీకి రాజకీయాల్లో మహా గిరాకీ. చెస్టర్ ఆర్థర్ అనే ఆయన 1871 నుంచి 78 దాకా ఆ ఉద్యోగం చేశాడు, తీసేశారు, తీసేసిన మూడేళ్ళకి 1881లో ఏకంగా అమెరికా ప్రెసిడెంట్ అయ్యాడు. ఇది నేను మా రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌కి చెబితే, నిన్నూ తీసేస్తాను, ప్రయత్నం చేసి చూడు అన్నాడు.

సరే, మన దేశానికొద్దాం. 1765లో ఈస్టిండియా కంపెనీకి మొగల్ పాదుషా దగ్గర్నుంచి బెంగాల్ వైపు దివానీ వచ్చింది, దివానీ అంటే శిస్తు వసూలు చేసుకునే హక్కు. ముందు సూపర్‌వైజర్లు అని వేశారు, 1772లో బెంగాల్ గవర్నర్ వారన్ హేస్టింగ్స్ వాళ్ళకే కలెక్టర్లు అని పేరు మార్చాడు. అంటే ఏం చెయ్యడానికి వచ్చారో బోర్డు మీదే రాసుకున్నారన్నమాట, దాపరికం లేదు. మరుసటేడాదే వాళ్ళని వెనక్కి పిలవడం మొదలెట్టారు, తర్వాత మళ్ళీ వేశారు, మన ట్రాన్స్‌ఫర్లు నయం. మన సర్కారు జిల్లాలకైతే మచిలీపట్నం, విశాఖపట్నం లాంటి చోట్ల చీఫ్, కౌన్సిల్ అని ఉండేవి, 1794లో అవి తీసేసి కలెక్టర్లని వేశారు. నైజాం వైపు ఈ మాటే లేదు, అక్కడ జిల్లా పెద్దని అవ్వల్ తాలూక్‌దార్ అనేవారు, పోలీస్ యాక్షన్ తర్వాతే కలెక్టర్ వెళ్ళాడు. తహసీల్దార్ అన్నా అదేనండోయ్. తహసీల్ అంటే వసూలు. మధ్యలో ఎం.ఆర్.ఓ. అన్నారు, మళ్ళీ తహసీల్దారే అయింది. కాబట్టి పైన కలెక్టరూ వసూలుదారే, మధ్యలో తహసీల్దారూ వసూలుదారే, కింద నేనూ వసూలుదార్నే, మరి నవ్వు మటుకు నాకొక్కడికే ఎందుకొచ్చిందీ అని నా బాధ.

మాస్టారు వాచీ చూసుకుంటున్నారు. రెండు నిమిషాలు మాస్టారూ.

ఈ పేరుకి పరువు ఎలా వచ్చిందంటే, వసూలు వల్ల రాలేదండి, మిగతా పనులు తగిలించడం వల్ల వచ్చింది. మద్రాసు రాజధానిలో 1816లో మేజిస్ట్రేట్ పని, పోలీసు పెత్తనం జడ్జీల దగ్గర్నుంచి తీసి కలెక్టర్‌కి ఇచ్చారు. దాని వెనకున్నది మన్రో. రాయలసీమ వాళ్ళున్నారా ఇక్కడ? ఆ, మీరున్నారు కదా, మీకు చెప్పక్కర్లేదు. 1800లో నైజాం దత్తత మండలాలు కంపెనీకి ఇచ్చేస్తే థామస్ మన్రో అక్కడ ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వెళ్ళి ఏడేళ్ళున్నాడు. సిపాయిగా వచ్చినవాడు. భూములు కొలిపించాడు, మధ్యలో జమీందారు లేకుండా రైతు పేరునే పట్టా రాసి రైతు దగ్గరే శిస్తు తీసుకునే పద్ధతి పెట్టాడు, రైత్వారీ అని మనం చదువుకున్నాం. తర్వాత మద్రాసు గవర్నరై, దిగిపోయే ముందు ఆ పల్లెల్ని ఒకసారి చూసొద్దామని వెళ్ళి 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. అక్కడ పిల్లలకి మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారండీ. కడప వైపు గండి కొండల మధ్య ఆయనకి, రాముడి కోసం కట్టారనే బంగారు తోరణం కనిపించిందని కూడా చెప్పుకుంటారు. నేను అడిగేది ఒకటే, శిస్తు వసూలు చేసినవాడికి పిల్లల పేర్లు పెట్టారు, తోరణాలు చూపించారు, నాకు మా వార్డులో కుక్క కూడా ఎదురు రాలేదు. వచ్చింది లెండి, కరిచింది.

అలాగని ఆ రోజుల్ని పొగడటానికి రాలేదు. 1854లో మద్రాసు ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది, పన్ను కోసం జనాన్ని హింసిస్తున్నారా అని తేల్చమని. 1855లో రిపోర్టొచ్చింది. హింస జరుగుతోందనే తేల్చారు. వేళ్ళు రెండు కర్రల మధ్య పెట్టి నొక్కడం, మెడకి తాడేసి కాలివేళ్ళ కిందనుంచి లాగి కట్టి మనిషిని వంచి ఎండలో ఉంచడం, అన్నీ రాశారు. చేసింది కింది నౌకర్లు, దొరలకి ఇందులో పాత్ర లేదు అని కూడా రాశారు. అక్కడే నాకు ఒళ్ళు మండింది. పేరేమో పైవాడిది, పాపమేమో కిందివాడిది, 1855లోనే సెటిలైపోయింది. నేను మాత్రం పత్తిత్తునా అంటే కాదు, ఒక మార్చి 28న టార్గెట్ కోసం ఒకళ్ళింటి కొళాయి కట్ చేయించాను, లోపల పెళ్ళి జరుగుతోంది. పెళ్ళికూతురి తండ్రి బయటికొచ్చి ఏమీ అనకుండా నా వైపు చూసి లోపలికెళ్ళిపోయాడు. తిట్టుంటే మర్చిపోయేవాణ్ణి.

ఏదో చెబుతున్నాను... ఆ, పేరు. శిస్తు పేరు చెప్పి వచ్చిన కలెక్టర్ ఇప్పుడు శిస్తు వసూలు చేస్తున్నాడా? మనవైపు భూమి శిస్తు తీసేసి నలభై ఏళ్ళ దగ్గరవుతోంది, నీటి తీరువా మిగిలింది. 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం ఇంకా ఉంది, అప్పుడప్పుడూ బయటికి తీస్తారు. ఇప్పుడు కలెక్టర్ అంటే ఎన్నికలు, తుఫానులు, ధాన్యం కొనుగోళ్ళు, హాస్టల్ తనిఖీలు, సోమవారం అర్జీలు. తమిళంలో ఆట్చియర్ అంటారు, పాలించేవాడని. బెంగాలీలో జేలాశాసక్, హిందీలో జిలాధీశ్, అంటే అధీశుడు! కన్నడిగులకి డి.సి., అంటే డిప్యూటీ కమిషనర్. మనం మాత్రం కలెక్టర్ అనే అంటున్నాం, దానర్థం వసూలుదారు అని గుర్తు లేకుండా. ఇంకో తమాషా, నిజంగా సుంకాలు వసూలు చేసే కస్టమ్స్, సెంట్రల్ ఎక్సైజ్ వాళ్ళకి కూడా కలెక్టర్లు ఉండేవారు, 1995లో వాళ్ళు కమిషనర్లుగా మారిపోయారు. వసూలు చేసేవాళ్ళేమో ఆ పేరు వదిలేశారు, చెయ్యనాయన దగ్గర ఉండిపోయింది. రెండూ ఉన్నది మా జాతికే, వసూలూ ఉంది, పేరూ ఉంది.

ఇప్పుడు ఒక్కటి చెప్పి దిగిపోతాను. 1994. మా వార్డులో కాలవగట్టు మీద ఒక మామ్మ ఉండేది. డిమాండ్ రిజిస్టర్‌లో ఆవిడ డోర్ నంబరుకి ఆరు నెలలకి 84 రూపాయలు, మూడేళ్ళ బకాయి, మొత్తం 504. నేను రసీదు పుస్తకం, కార్బన్ పేపరు సంచిలో పెట్టుకుని వెళ్ళాను. వెళ్తే ఇల్లు లేదు. అంటే నిజంగానే లేదండి, తాటాకిల్లు గాలివానకి పోయింది, అరుగూ దాని మీద రెండు గుంజలూ ఉన్నాయి, మామ్మ పక్కింటి వసారాలో ఉంటోంది. నన్ను చూడగానే లేచి నిలబడి, కలెక్టరు బాబూ వచ్చారా అని కొంగు ముడి విప్పి ఒక కాగితం నా చేతిలో పెట్టింది. నలిగి నలిగి మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. గౌరవనీయులైన కలెక్టర్ గారికి అని ఎవరిచేతో రాయించుకుంది, ఇల్లు లేదు, పన్ను తీసేయించండి అని. నేను ఆ కలెక్టర్‌ని కాదు మామ్మా అందామనుకున్నాను. అన్లేదు. ఎందుకన్లేదో ఇప్పటికీ చెప్పలేను, ఆ పిలుపులో వెటకారం లేదు, బహుశా అందుకే.

సోమవారం సెలవు పెట్టి జిల్లా కేంద్రానికి బస్సెక్కి గ్రీవెన్స్‌కి వెళ్ళాను. పెద్ద లైను. మూడు గంటలు నిలబడ్డాక లోపలికి పంపారు. కలెక్టర్ గారు కుర్రాయనే, కాగితం చదివి, మీరు వాళ్ళబ్బాయా అన్నారు. కాదు సార్. మరెవరు? బిల్ కలెక్టర్‌ని సార్ అన్నాను. చుట్టూ ఉన్న ఆఫీసర్లు నవ్వారు. ఆయన నవ్వలేదు, అది చెప్పాలి. ఆకుపచ్చ సిరాతో ఏదో రాసి పక్కన పెట్టారు.

ఆ కాగితం అక్కణ్ణుంచి మా కమిషనర్ గారికి వచ్చింది, తగు చర్య నిమిత్తం. కమిషనర్ నుంచి రెవెన్యూ ఆఫీసర్‌కి, విచారించి నివేదించవలెను. ఆర్.ఓ. నుంచి ఆర్.ఐ.కి, అర్జెంట్ అని ఎర్ర గీతతో. ఇరవై మూడో రోజున ఆర్.ఐ. నన్ను పిలిచి, కలెక్టరేట్ నుంచి వచ్చిందయ్యా, జాగ్రత్తగా రిపోర్టు రాయి అని నా చేతిలో పెట్టాడు. అదే కాగితం. అవే మడతలు. చుట్టూ అయిదు సంతకాలు ఎక్కువ.

రాశాను. సదరు డోర్ నంబరులో కట్టడమేదీ లేదు, డిమాండ్ తొలగించవచ్చును అని. తొలగించారు. మామ్మకి చెబితే, కలెక్టరు తల్చుకుంటే ఎంతసేపు బాబూ అంది.

తర్వాతేడు ఆడిట్ వచ్చింది. కౌన్సిల్ అనుమతి లేకుండా 504 రూపాయలు మాఫీ చేశారు, బాధ్యుడైన ఉద్యోగి నుంచి రాబట్టవలెను అని పేరా రాశారు. బాధ్యుడు ఎవరని వెతికితే ఆకుపచ్చ సంతకం కాదు, ఎర్ర గీత కాదు, అడుగున రిపోర్టు రాసినవాడు. కట్టాను. ఆ వార్డు రసీదు పుస్తకం నా దగ్గరే ఉంటుంది కదండీ, వేరే ఎవరూ రసీదు రాయడానికి వీల్లేదు, అందుకని నేనే కార్బన్ పెట్టి రాశాను. పర్సులో పెట్టుకొచ్చాను, సెక్రటరీ గారూ, మీరే గట్టిగా చదవండి, నాకు కళ్ళజోడు లేదు. చెల్లించినవారు అన్నచోట ఎవరి పేరుందో, కింద కలెక్టర్ అని అచ్చేసిన చోట ఎవరి సంతకముందో, రెండూ చదవండి.

పులిహోర చల్లారిపోతోందంటున్నారు. వస్తానండి, నమస్కారం.