పక్కింటి పెద్దావిడ ఫొటోలు | కొలంబస్, ఒహాయో

నమస్కారం అండీ. "మీ పక్కింటావిడకు ఎలా ఉందే, ఒక వీడియో పెట్టు" అని పిన్ని రోజూ అడుగుతోంది, అందుకే ఇది. ముందే చెబుతున్నాను, వాళ్లింట్లో నేను కెమెరా బయటికి తీయలేదు. మీకు కనిపించేది మా వంటిల్లు, ఈ చిక్కుడుకాయలు మాత్రమే. పౌండు నాలుగు డాలర్లు. డాలరు 85 అనుకున్నా 340 రూపాయలు, అది అర కిలో కూడా కాదు. ఈనెలు తీస్తూ మాట్లాడతాను.

పెద్దావిడకు గుండె జబ్బు. ఇప్పుడు హాస్పిస్ వాళ్లు చూసుకుంటున్నారు. అంటే ఎక్కడికో తీసుకెళ్లారనుకోకండి, ఆవిడ తన ఇంట్లో, తన హాల్లోనే ఉన్నారు. ఆరు నెలలకు మించి బతకడం కష్టమని ఇద్దరు డాక్టర్లు రాసిచ్చాక, నయం చేసే వైద్యం ఆపేసి నొప్పి, ఆయాసం లేకుండా చూస్తారు. మంచం, ఆక్సిజన్ ఇంటికే పంపుతారు, నర్సు ఇంటికే వస్తుంది. 65 దాటినవాళ్లకు ఉండే మెడికేర్ అనే ప్రభుత్వ బీమా 1983 నుంచి ఈ ఖర్చు భరిస్తోంది. అది లేకపోతే ఇక్కడి ఆస్పత్రి బిల్లును రూపాయల్లోకి మార్చి చూసినవాళ్లకే గుండె జబ్బు వస్తుంది. ఇదేదో అమెరికా గొప్ప అని కూడా అనుకోకండి, హైదరాబాదులో స్పర్శ్ హాస్పిస్ 2011 నుంచి ఉంది, డబ్బు తీసుకోకుండానే చూస్తారు.

మెడికేర్ పెట్టిన ఒక నియమం నాకు భలే నచ్చింది. జీతానికి పనిచేసేవాళ్లు రోగుల కోసం ఎన్ని గంటలు పనిచేస్తే, అందులో కనీసం 5 శాతం మేరకు వాలంటీర్లు కూడా పనిచేయాలి. ఒకరు వచ్చి పుస్తకం చదివి వినిపిస్తారు, ఒకరు కుక్కను తిప్పుకొస్తారు. మొన్న ఫొటోలు తీసే ఆయన వచ్చారు. రిటైరైన బడి మాస్టారు, పైసా తీసుకోరు. మా బాబు మొదటి పుట్టినరోజు ఫొటోలకు మేము 400 డాలర్లు పోశాం, 34 వేలు! ఆ ఫొటోలన్నింటిలోనూ వాడు ఏడుస్తూనే ఉన్నాడు.

నేను పులిహోర పట్టుకుని వెళ్లేసరికి పెద్దావిడ లిప్‌స్టిక్ రంగు గురించి కూతురితో వాదిస్తున్నారు. మాస్టారు ఫ్లాష్ వాడలేదు. కర్టెన్ పక్కకు లాగి, మంచాన్ని కిటికీ వైపు తిప్పించారు. ముక్కుకున్న గొట్టం కాసేపు తీసేద్దామా అని అడిగితే, "వద్దు, తీస్తే మొహం నీలంగా పడుతుంది" అన్నారావిడ. అందరూ పకపకా నవ్వారు. నాకు మాత్రం నవ్వాలో వద్దో తెలియలేదు.

తర్వాత చేతుల ఫొటో తీశారు. మనవడి అరచేతిలో ఆవిడ చెయ్యి. వేళ్లు చిక్కిపోయి పెళ్లి ఉంగరం వదులైంది, జారిపోకుండా లోపలివైపు తెల్లదారం చుట్టారు. మా నాయనమ్మ కూడా అచ్చం అలాగే చుట్టుకునేది. ఇక నేను అక్కడ ఉండలేక, మంచు ఎత్తే వంకతో వాకిట్లోకి వచ్చేశాను. అన్నట్టు, ఇంటి ముందు కాలిబాట మీద మంచు మనమే ఎత్తాలి, మునిసిపాలిటీ రాదు. ఆ గోల ఇంకో వీడియోలో చెబుతాను.

మన దగ్గర రోగికి అసలు సంగతే చెప్పరు కదా. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందంటారు. తీరా పదకొండో రోజుకు పటం కావాల్సి వస్తే ఇల్లంతా వెతికి చివరికి ఆధార్ కార్డు తీస్తారు. మా తాతయ్య పటం అక్క పెళ్లి ఆల్బం నుంచి కత్తిరించింది. స్టూడియో అబ్బాయి వెనకున్న షామియానా చెరిపి నీలం రంగు వేశాడు గానీ, భుజం మీద ఎవరిదో గాజుల చెయ్యి అలాగే ఉండిపోయింది. అది తనదేనని పెద్దత్త పట్టుబడుతుంది, ఎవరూ ఒప్పుకోరు. అడిగి తీసి ఉంటే తాతయ్య ముందు పంచె మార్చుకుని వచ్చేవారు. అసలు పటంలో ఉన్న ఆ కళ్లజోడు పెట్టుకునేవారా!

ఇక్కడ పుట్టగానే పోయిన పసికందులను కూడా తల్లిదండ్రుల ఒడిలో పెట్టి ఫొటో తీసిచ్చే వాలంటీర్లు ఉన్నారు. 'నౌ ఐ లే మీ డౌన్ టు స్లీప్' అని కొలరాడోలో 2005లో మొదలైన సంస్థ వాళ్లది. మొదటిసారి విన్నప్పుడు ఇదేం చోద్యం అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు.

ఆ రాత్రి ఫోను తీసి అమ్మ ఫొటోలు వెతికాను. ఈ మధ్యవన్నీ వీడియో కాల్ మధ్యలో పట్టుకున్నవే. సగం వాటిలో అమ్మ నుదురూ, సీలింగ్ ఫ్యానూ. ఇంత దూరం వచ్చి సొంత ఇల్లు కొన్నాం, కారు కొన్నాం, అమ్మది నిండు మొహం కనిపించే కొత్త ఫొటో ఒక్కటి లేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు తెనాలిలో ఫొటోగ్రాఫర్‌ను ఇంటికే పిలిపిస్తాను, అందరం తీరిగ్గా దిగుదాం అని ఫోను చేసి చెప్పాను. "నాకిప్పుడే దండ వేస్తావా?" అని అమ్మ ఒంటికాలిమీద లేచింది. వెనక నుంచి నాన్న మాత్రం జుట్టుకు రంగు వేయించుకోవాలా, అక్కర్లేదా అని అడుగుతున్నారు.