మనసు పడటం, మోజు పడటం

చిన్నా: ఆఁ, రికార్డవుతోంది. ఈ వారం టాపిక్ మీరు అడిగిందే, ఒక మనిషి మీద ప్రేమ పుట్టడం, కోరిక పుట్టడం, రెండూ ఒకటేనా అని. అక్కా, ఈసారి నిఘంటువు తియ్యకు.

అక్క: తీస్తా. రొమాంటిక్ కామెడీని తెలుగులో ఏమని రాస్తున్నారు?

చిన్నా: మొదలైంది.

అక్క: శృంగార కామెడీ! శృంగారం అంటే ఇప్పుడు అందరికీ పడగ్గదే గుర్తొస్తుంది. రొమాంటిక్‌కీ అదే మాట, సెక్సువల్‌కీ అదే మాట, ఇంక ఒక పిల్ల తన మనసులో ఉన్నది ఇంట్లో ఎలా చెప్తుంది?

చిన్నా: మాటలు లేకేం? మా అమ్మమ్మ ఒకడు మనసు పడ్డాడు అనేది, ఇంకొకడు మోజు పడ్డాడు అనేది. ఆవిడకి తేడా బాగా తెలుసు.

అక్క: అబ్బా, అది మంచి మాట. కానీ చూడు, నాట్యశాస్త్రంలో శృంగారం రెండు రకాలు, సంభోగం అంటే ఇద్దరూ కలిసి ఉండటం, విప్రలంభం అంటే ఎడబాటు. విప్రలంభంలో మనిషి పక్కన లేడు, అయినా శృంగారమే. అంటే ఒకప్పుడు ఆ మాటకి పడగ్గది ఒక్కటే అర్థం కాదు.

చిన్నా: విరహంలో కోరిక ఉండదా అక్కా? క్షేత్రయ్య పదాల్లో నాయిక వాడు రాలేదని కుమిలిపోయేది కబుర్లు చెప్పుకోడానికేనా?

అక్క: ...కాదు. సరే. అది ఒప్పుకుంటా.

చిన్నా: టాపిక్‌కి వద్దాం. లీసా డైమండ్ అని అమెరికన్ సైకాలజిస్ట్ 2003లో రాసిందేంటంటే, కోరిక సంతానం కోసం ఏర్పడింది, ప్రేమ మాత్రం పసిబిడ్డకీ పెంచేవాళ్ళకీ మధ్య ఉండే బంధంలోంచి వచ్చింది, మూలాలే వేరు కాబట్టి ఒకటి లేకుండా ఇంకోటి రావచ్చు అని. అక్కా? ఏమైంది?

అక్క: నాకు అలాగే వచ్చింది. అతని ఫోన్ కోసం రాత్రంతా మేలుకునేదాన్ని, చెయ్యి పట్టుకుంటే చాలు అనిపించేది, అంతకుమించి ఒంటికి ఏమీ తెలిసేది కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్తే పెళ్ళయితే అదే వస్తుందమ్మా అన్నారు, నాలో ఏదో లోపం ఉందనుకుని ఏళ్ళు గడిపేశా. ఏసెక్సువల్, అంటే ఎవరి మీదా ఆ కోరిక పుట్టనివాళ్ళు, ఆ మాట చదివిన రోజు ఏడ్చా. పక్కనే ఏరొమాంటిక్ అని ఇంకోటి ఉంది, ప్రేమే పుట్టనివాళ్ళకి, అది నేను కాదు. ప్రేమ నాకు బోలెడు.

చిన్నా: ఇన్నేళ్ళూ నాతో అనలేదేంటి?

అక్క: ఏమని అనాలిరా? అందుకేగా మాట మాట అని కొట్టుకునేది.

చిన్నా: అతనికి చెప్పావా?

అక్క: చెప్పా. మూడ్రోజులు ఫోన్ చెయ్యలేదు. తర్వాత చేసి... వద్దు, అది అతని విషయం కూడా, అడక్కుండా ఇక్కడ చెప్పను. మైక్ ఆపు.