కాలర్‌బోన్ అతికింది, మరి ట్రైల్ మీదకు ఎప్పుడు?

[తెర మీద: మలుపులో ముందు చక్రం జారి రైడర్ పక్కకు పడుతున్న క్లిప్, స్లో మోషన్‌లో]

రాళ్లూ మట్టీ ఉండే ట్రైల్స్ మీద, అంటే కొండ బాటల మీద తొక్కే మౌంటెన్ బైకర్లకు తరచూ విరిగే ఎముక కాలర్‌బోన్, అంటే భుజానికీ రొమ్ము ఎముకకూ మధ్య ఉండే ఎముక. చెయ్యి చాపి పడితే విరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి భుజం నేరుగా నేలకు తగిలినప్పుడే ఎక్కువగా విరుగుతుంది. దెబ్బ భుజం కొస నుంచి రొమ్ము ఎముక వైపు వెళ్తుంది. ఆ దారిలో ఉండేది వంపు తిరిగిన ఈ సన్నటి ఎముకే. నడిమి భాగంలో దానికి లిగమెంట్ల (ఎముకల్ని కలిపి పట్టే గట్టి పట్టీల) దన్ను లేదు కాబట్టి, అయిదింటిలో దాదాపు నాలుగు అక్కడే విరుగుతాయి. మెడ కండరం లోపలి ముక్కను పైకి లాగుతుంది, చేతి బరువు బయటి ముక్కను కిందికి దించుతుంది. చర్మం కింద మెట్టులా తేలి కనిపించేది అందుకే.

చర్మం తెల్లబడి ఎముక మొన పొడుచుకొస్తున్నట్టున్నా, చెయ్యి తిమ్మిరెక్కినా, ఊపిరి తీస్తుంటే ఆయాసం వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇంకొకటి, భుజం నొప్పి గోలలో మణికట్టును మర్చిపోతారు. బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొక్కితే నొప్పి ఉంటే డాక్టర్‌కు చెప్పండి. అక్కడుండే స్కాఫాయిడ్ ఎముక పగులు మొదటి ఎక్స్-రేలో కనిపించకపోవచ్చు. అనుమానం ఉంటే 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ తీస్తారు.

ఇక అసలు విషయం. డాక్టర్ "అతికింది" అన్న రోజు వేరు, రాళ్ల ట్రైల్ మీదకు బండి దింపే రోజు వేరు. ఆ రెండింటి మధ్య ఏం జరగాలో చూద్దాం.

[తెర మీద: వారాల పట్టీ, 0–2, 2–6, 6–12, ఆ పైన]

మొదటి రెండు వారాలు స్లింగ్, అంటే చేతిని మెడకు వేలాడదీసే పట్టీ. భుజాన్ని కదపకూడదు గానీ వేళ్లు, మణికట్టు, మోచెయ్యి రోజుకు నాలుగైదుసార్లు కదపాలి, లేకపోతే మోచెయ్యి బిగుసుకుపోతుంది. డాక్టర్ సరేనన్నాక నడుము వంచి, చెయ్యి వేలాడదీసి, ఒంటి ఊపుతో చిన్న చిన్న గుండ్రాలు తిప్పడం మొదలవుతుంది. చెయ్యి తనంతట తాను తిప్పకూడదు, ఒళ్లు ఊగితే అది ఊగాలి.

రెండు నుంచి ఆరు వారాల మధ్య మంచి చెయ్యి సాయంతో దెబ్బ తగిలిన చెయ్యి పైకి ఎత్తుతారు, అదీ భుజం ఎత్తు దాకానే. తొంభై డిగ్రీలు దాటితే కాలర్‌బోన్ తన చుట్టూ తాను తిరుగుతుంది, అతుకుతున్న చోట మెలిక పడుతుంది. కాళ్లకు మాత్రం సెలవు అక్కర్లేదు. ఇండోర్ ట్రైనర్ (ఇంట్లో బండిని కదలకుండా నిలబెట్టి తొక్కే స్టాండ్) మీద నిటారుగా కూర్చుని, ఆ చేతి మీద బరువు వేయకుండా తొక్కవచ్చు. ఆపరేషన్ అయినవాళ్లు కుట్లు తీసేదాకా, గాయం మీదకు చెమట కారేంత గట్టిగా తొక్కకండి.

ఆరు నుంచి పన్నెండు వారాలు బలం తిరిగి తెచ్చుకునే కాలం. ఎక్స్-రేలో కొత్త ఎముక కనిపించాలి, వేలితో నొక్కితే నొప్పి ఉండకూడదు, అప్పుడే మొదలు. రబ్బరు బ్యాండ్లు, ఆ తర్వాత గోడకు పుషప్‌లు, మోకాళ్ల మీద పుషప్‌లు, చివరికి పూర్తి పుషప్‌లు. ఏ మెట్టు ఎప్పుడన్నది ఫిజియోథెరపిస్ట్ చెప్పాలి, క్యాలెండర్ కాదు. పొగతాగే అలవాటుంటే ఎముక అతకడం నెమ్మదిస్తుంది, ఈ మూడు నెలలైనా మానాలి.

ఆపరేషన్‌లో విరిగిన చోట స్క్రూలతో లోహపు ప్లేటు వేయించుకున్న రోడ్ రేసర్లు కొన్ని వారాల్లోనే మళ్లీ రేసులో కనిపిస్తారు. అది చూసి మోసపోకండి. ప్లేటు ముక్కలను వరసలో పట్టి ఉంచుతుందంతే, ఎముకను తొందరగా పెంచదు. నున్నటి తారు మీద వచ్చే కుదుపు వేరు, రాతి మెట్టు దిగినప్పుడు వచ్చే కుదుపు వేరు. మళ్లీ పడితే ప్లేటు చివరి స్క్రూ దగ్గర, గట్టిదనం ఒక్కసారిగా మారే చోట, ఎముక విరిగే ప్రమాదం ఉంది.

[తెర మీద: పరీక్షలు ఒక్కొక్కటిగా, పక్కనే కొలత]

ట్రైల్‌కు ముందు ఈ అయిదు చేసి చూడండి. ఇవి ఆసుపత్రి ప్రమాణాలు కావు, ట్రైల్ చేతుల్ని ఏం అడుగుతుందో చూసి పెట్టుకున్న కొలతలు.

గోడకు వీపు ఆనించి రెండు చేతులూ తల మీదికి ఎత్తండి, రెండూ సమానంగా గోడను తాకాలి. ప్లాంక్‌లో, అంటే అరచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు నిటారుగా ఉంచి ఒక నిమిషం ఉండండి, బరువు మంచి చేతి వైపు జారకూడదు. ఇది మీకు మీరుగా పట్టుకోలేరు, ఫోన్‌తో వీడియో తీసుకోండి. పుషప్‌లు పదిహేను. అదే భంగిమలో ఒక్కో చేత్తో ఎదుటి భుజం తాకడం, ఇరవైసార్లు. చివరిది ముఖ్యం: గోడకు చేరువగా నిలబడి ముందుకు వాలి, పడబోతూ రెండు అరచేతులతో గోడను ఆపడం. బరువు ఎత్తడం, పడుతున్న బరువును ఆపడం ఒకటి కావు, బండి మీద కావలసింది రెండోది. మొదట అడుగు దూరం నుంచి, క్రమంగా రెండడుగుల నుంచి. దెబ్బ తగిలిన చెయ్యి ఆలస్యంగా చేరుతుంటే ఇంకా టైమ్ ఉందని అర్థం.

[తెర మీద: స్టాండ్ మీద బైక్]

మీతోపాటు బండి కూడా పడింది. హెల్మెట్ నేలకు తగిలి ఉంటే మార్చేయండి. లోపలి ఫోమ్ ఒకసారి నలిగిందంటే తిరిగి లేవదు, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. కార్బన్ హ్యాండిల్‌బార్ గట్టిగా కొట్టుకుంటే బేరం లేదు, కొత్తది కొనాల్సిందే. అల్యూమినియందైతే వంగిందా, లోతుగా గీత పడిందా చూడండి, పడితే అదీ మార్చాలి. స్టెమ్ (హ్యాండిల్‌బార్‌ను పట్టి ఉంచే భాగం) బోల్టులు దాని మీద ముద్రించిన టార్క్‌కే, అంటే బిగింపు కొలతకే బిగించండి, చాలావాటికి అది 5 న్యూటన్ మీటర్ల చుట్టూ ఉంటుంది. బ్రేక్ లివర్ల క్లాంపు మాత్రం మరీ బిగించకండి. చేత్తో బలంగా తోస్తే తిరగాలి, అప్పుడే పడినప్పుడు లివర్ విరగకుండా పక్కకు జరుగుతుంది.

వెనక గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క, హ్యాంగర్‌ను బండి వెనక నుంచి చూడండి. డిరైలర్‌లోని రెండు చిన్న చక్రాలూ, వాటి పైనున్న గేర్ పళ్ల చక్రమూ ఒకే నిలువు గీతలో ఉండాలి. లోపలికి వంగి ఉంటే, ఎక్కుడులో చైన్‌ను వెనక అతిపెద్ద పళ్ల చక్రం మీదకు వేసిన క్షణాన డిరైలర్ చక్రం ఊచల్లోకి వెళ్తుంది. ముందు చక్రాన్ని పట్టి కుదుపులు మింగే ఫోర్క్ ట్యూబుల మీద గోటికి తగిలే గీత ఉంటే సీలు చెడి నూనె కారుతుంది, తొక్కే ముందే చూపించండి.

తిరిగి వచ్చే తొలి నెల సెట్టింగ్ ఇలా పెట్టుకోండి. 70 కిలోల రైడర్, 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్లు అయితే గాలి ముందు 21–22 పీఎస్ఐ, వెనక 24–25తో మొదలుపెట్టండి. ఇంకా ఎక్కువైతే ప్రతి రాయీ భుజానికి తెలుస్తుంది. మరీ తక్కువైతే రిమ్ రాయికి తగులుతుంది, మలుపులో టైర్ కిందనుంచి మెలి తిరుగుతుంది. 130 మిల్లీమీటర్ల ఫోర్క్‌లో, మీరు ఎక్కి నిలబడితే ట్యూబు మీది రబ్బరు రింగు 26 మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి, అంటే ఫోర్క్ 20 శాతం కుంగాలి. రీబౌండ్, అంటే కుంగిన ఫోర్క్ తిరిగి లేచే వేగం, మరీ వేగంగా ఉంటే హ్యాండిల్ చేతుల్ని తన్నుతుంది. బార్‌ను గట్టిగా నొక్కి వదిలితే ముందు చక్రం నేల వదిలి లేచిందంటే రెండు క్లిక్కులు నెమ్మది చేయండి. వెడల్పు బార్ భుజాన్ని లాగుతున్నట్టు అనిపిస్తే కోయకండి, ముందు గ్రిప్పులూ లివర్లూ చెరో 10 మిల్లీమీటర్లు లోపలికి జరిపి రెండు రైడ్లు చూడండి. కోసిన బార్ మళ్లీ పెరగదు!

[తెర మీద: పచ్చిక మైదానం, కోన్లు]

చాలామంది మళ్లీ ఎందుకు పడతారంటే, భయం ఒంటిని వెనక్కి లాగుతుంది. తుంటి వెనక్కి పోతుంది, చేతులు నిటారవుతాయి, ముందు చక్రం మీద బరువు తేలికవుతుంది. తేలికైన చక్రానికి పట్టు ఉండదు, మలుపులో జారుతుంది, పడేది మళ్లీ అదే భుజం మీద. జాగ్రత్త కోసం చేసే పనే పడేస్తుందన్నమాట.

దీనికి మందు గడ్డి మీదే ఉంది. పెడల్స్ సమంగా, మడమలు కిందికి, తుంటి దగ్గర వంగి, మోచేతులు బయటికి, గడ్డం స్టెమ్ పైకి. ఇలా నిలబడి వేగంగా వచ్చి ఒక కోన్ దగ్గర రెండు బ్రేకులూ ఒక్కొక్క వేలితో వేసి ఆగండి. లివర్‌ను ఒక్కసారిగా గుంజకుండా పిండుకుంటూ పోవాలి. ఆ తర్వాత గుండ్రంగా తిరగండి, బ్రేకింగ్ అంతా మలుపుకు ముందే అయిపోవాలి, మలుపులో చూపు బయటకు వెళ్లే చోట ఉండాలి. దెబ్బ తగిలిన వైపు మలుపు మరో వైపుకంటే వెడల్పుగా వస్తోందా? అది మీలో ఇంకా మిగిలిన బిగువు.

తర్వాత చదును మట్టి బాట మీద 45 నిమిషాలు, ఆ పైన తేలికైన ఆకుపచ్చ గుర్తు ట్రైల్, ఆ పైన మధ్యస్థమైన నీలం గుర్తు. ఒక్కో మెట్టు మీద కనీసం రెండు రైడ్లు. తీర్పు ఆ సాయంత్రం ఇచ్చుకోకండి, మర్నాడు పొద్దున చూసుకోండి. ఎముక దగ్గర నొప్పి పెరిగితే ఒక మెట్టు దిగండి. కండరం పట్టేసినట్టుండటం మామూలే.

మొదటి రేసు క్రాస్ కంట్రీ అయితే మేలు, నిటారు దిగుడుల మీద సాగే డౌన్‌హిల్, ఎండ్యూరో వద్దు. స్టార్ట్‌లో వెనక వరసలో నిలబడండి, మొదటి సింగిల్ ట్రాక్ (ఒక్క బండికే చోటుండే సన్నటి బాట) మలుపులో గుంపు ఇరుక్కుని తోపులాడుకుంటుంది. ముందురోజు కోర్సు రెండుసార్లు తొక్కి, ప్రతి రాతి మెట్టుకూ పక్కదారి ఎక్కడుందో చూసి పెట్టుకోండి. గంట దాటే రేసైతే గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ పడాలి. శక్తి అయిపోతే ముందు పట్టు సడలుతుంది, ఆఖరి ల్యాప్‌లో పట్టు సడలితే చేతులు నిటారవుతాయి, మిగతాది ఇందాక చెప్పిందే.

ప్లేటు ఉన్నవాళ్లకు ఒక మాట. బ్యాక్‌ప్యాక్ పట్టీ సరిగ్గా దాని మీద ఒరుసుకుంటుంది, నీళ్లు నడుముకు కట్టే సంచీలోకి మార్చండి. చిరాకు పడి ప్లేటు తీయించుకుంటే, స్క్రూలున్న చోట రంధ్రాలు నిండేదాకా ఎముక బలహీనంగానే ఉంటుంది. ఆ కొన్ని వారాలు ట్రైల్ మానేయాలి. కాబట్టి ఆ ఆపరేషన్‌ను రేసుల సీజన్ అయ్యాకే పెట్టుకోండి.