ఈ వారం: హోమ్ థియేటర్‌కి ప్రొజెక్టర్ ఎంపిక, మళ్ళీ పైకప్పు గొడవ

తమ్ముడు: అందరికీ నమస్తే. పోయినసారి మాటిచ్చినట్టే ఇవాళ ప్రొజెక్టర్. బొమ్మ పుట్టించే చిప్పు డీఎల్‌పీయా, ఎల్‌సీడీయా, ఎల్‌కాస్సా, వెలుగిచ్చేది లేజరా, ల్యాంపా... అన్నీ వరసగా చెప్పేస్తాం. అక్కా, పైకప్పుకి నల్లరంగు కొట్టమనే ఊసు మాత్రం ఎత్తొద్దు.

అక్క: నేనెందుకు ఎత్తుతాను? నువ్వే ఎత్తిస్తావు చూడు.

తమ్ముడు: సరే, ముందు త్రో రేషియో. లెన్సు నుంచి తెర దాకా ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది అదే. 100 అంగుళాల తెర అంటే మూల నుంచి మూలకి కొలత, వెడల్పు 221 సెంటీమీటర్లే. రేషియో 1.5 అయితే ప్రొజెక్టర్ 3.3 మీటర్ల దూరంలో ఉండాలి. టేపు పట్టి కొలిచాకే మోడళ్ళు చూడండి.

అక్క: వెనక వైర్లకీ, గాలి ఆడ్డానికీ చోటు వదిలి కొలవండి.

తమ్ముడు: తర్వాత ల్యూమెన్లు, అంటే ప్రొజెక్టర్ వేసే వెలుగు కొలత. నా లెక్క ఒకటే, ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

అక్క: ఎందుకురా అంత?

తమ్ముడు: వెలిసిపోయిన బొమ్మ ఎవరు చూస్తారు?

అక్క: వెలిసిపోయేది వెలుగు చాలక కాదు, నలుపు లేక. ప్రొజెక్టర్ నలుపు వెయ్యగలదా?

తమ్ముడు: మొదలైంది.

అక్క: చెప్పు, వెయ్యగలదా? వెలుగు పడకుండా ఆపగలదు, అంతే. ప్రొజెక్టర్ కట్టేసి, గదిలో లైటు వేసి తెర వంక చూడు. అప్పుడు తెర ఎంత తెల్లగా కనిపిస్తుందో, ఆ వెలుతురులో సినిమా వేస్తే నీకొచ్చే నలుపు కూడా అంతే.

తమ్ముడు: లైట్లు ఆర్పే కదా చూస్తాం!

అక్క: ఆర్పినా తెరే ఒక పెద్ద లైటు. మంచు కొండల సీను నడుస్తున్నప్పుడు ఎప్పుడైనా వెనక్కి తిరిగి చూశావా? ఫ్యాను రెక్కలు, సోఫా కుట్లు, తలుపు గొళ్ళెం దాకా కనిపిస్తాయి. ఆ వెలుగంతా తెర మీంచి వచ్చిందే. తెల్ల గోడల మీద, తెల్ల పైకప్పు మీద పడి తిరిగి తెర మీదకే వస్తుంది. అదే ఫ్రేములో ఉన్న హీరో నల్లకోటు కాస్తా బూడిద రంగైపోతుంది.

తమ్ముడు: పైకప్పు అన్నావు.

అక్క: నువ్వు అనిపించావు.

తమ్ముడు: మంచి కాంట్రాస్ట్, అదే తెలుపుకీ నలుపుకీ మధ్య తేడా, ఉన్న మోడల్ తీసుకుంటే తీరిపోదా? పెట్టె మీద లక్షల్లో రాస్తున్నారు.

అక్క: అది తెరంతా తెలుపు వేసి ఒకసారి, తెరంతా నలుపు వేసి ఒకసారి కొలిచిన అంకె. నలుపు వేసినప్పుడు లేజర్‌నే తగ్గించేస్తే లక్షలు ఎందుకు రావు? ఒకే ఫ్రేములో 16 గళ్ళు, 8 తెల్లవి, 8 నల్లవి వేసి కొలిస్తే అది ఆన్సీ కాంట్రాస్ట్. తెల్ల గదిలో ఎంత ఖరీదైన యంత్రమైనా అక్కడ దెబ్బతింటుంది.

తమ్ముడు: నీకు విడిగా గది ఉంది కాబట్టి చెప్తున్నావు. మన శ్రోతల్లో చాలామందికి ఉన్నది ఒక్క హాలు. పిల్లలు అక్కడే చదువుకోవాలి, పెద్దవాళ్ళు అక్కడే కూర్చోవాలి. పైనంతా నల్లరంగు కొట్టుకుని పగలంతా అందులో ఎలా ఉంటారు? నువ్వు ఈ మాట అన్నప్పుడల్లా నాకు కోపం వస్తోంది.

అక్క: కోపం దేనికి? మొత్తం కొట్టమని నేననలేదు. తెరకి ఆనుకుని ఉన్న మీటరున్నర, పైనా, రెండు పక్కలా. మెరవని ముదురు నీలం అయినా చాలు. రంగే వద్దంటే వెల్వెట్ కర్టెన్లు వేలాడదియ్యి. పగలు పక్కకి జరిపేస్తే అది మామూలు హాలే.

తమ్ముడు: ...వెల్వెట్ అయితే మా ఇంట్లో ఒప్పుకుంటారు.

అక్క: అయితే తీరిపోయింది!

తమ్ముడు: సరే, చీకటి గదిలో అసలు ఎంత వెలుగు కావాలి?

అక్క: డిజిటల్ సినిమా హాళ్ళ ప్రమాణం 48 నిట్లు, నిట్ అంటే తెర మీంచి కంటికొచ్చే వెలుగు కొలత. 100 అంగుళాల మామూలు తెల్ల తెరకి లెక్కేస్తే, తెర మీద పడాల్సింది 420 ల్యూమెన్లలోపే. రంగులు సరిగ్గా ఉండే సినిమా మోడ్‌లో వెలుగు తగ్గుతుంది, ల్యాంపు పాతబడేకొద్దీ ఇంకా తగ్గుతుంది, వెలుగు నీడల తేడా ఎక్కువగా చూపించే హెచ్‌డీఆర్ వీడియోలకి మరికాస్త కావాలి. అన్నీ కలిపి మూడింతలు పెట్టుకో. చీకటి చేసుకున్నవాళ్ళకి 3000 వెంట పడే పనిలేదు.

తమ్ముడు: పగలు చూసేవాళ్ళకి?

అక్క: వాళ్ళకి ల్యూమెన్లు కావాలి, ఒప్పుకుంటాను. పైనుంచి పడే వెలుగుని పక్కకి నెట్టే ఏఎల్‌ఆర్ తెర కూడా కావాలి. గోడ పక్కనే పెట్టుకునే అల్ట్రా షార్ట్ త్రో వాటికి తెర వేరు, దూరం నుంచి వేసేవాటికి వేరు. ఒకదాని తెర ఇంకోదానికి కొనకండి.

తమ్ముడు: టైమ్ అయిపోతోంది, డీఎల్‌పీ గబగబా చెప్పేస్తాను. ఇళ్ళలో వాడే డీఎల్‌పీల్లో దాదాపు అన్నిటికీ చిప్పు ఒకటే, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని వెనక ఒకటి వేస్తుంది. నల్లటి తెర మీద తెల్ల సబ్‌టైటిల్ ఉన్నప్పుడు చూపు చటుక్కున పక్కకి తిప్పండి, కొందరికి రంగురంగుల చారలు కనిపిస్తాయి. అందరికీ కనపడవు. అందుకే ఇంటిల్లిపాదీ చూశాకే కొనండి. మూడు ప్యానెళ్ళ ఎల్‌సీడీలో ఆ బాధ లేదు. నలుపు కావాలంటే ఎల్‌కాస్, అంటే జేవీసీ, సోనీ కంపెనీలవి.

అక్క: ఆ నలుపు కనపడాలన్నా గది...

తమ్ముడు: అక్కా, ఉత్తరం! ఒకాయన అడిగారు, ప్రొజెక్టర్ ఓ పక్కగా బల్ల మీద పెట్టి, వంకరగా పడే బొమ్మని కీస్టోన్ సెట్టింగుతో సరిచేసుకోవచ్చా అని.

అక్క: ఎంత వంకర సరిచేస్తే అన్ని పిక్సెళ్ళు వృథా, అక్షరాల అంచులు కూడా అలుక్కుపోతాయి. లెన్స్ షిఫ్ట్ ఉన్నది తీసుకోమను, అది లెన్సునే జరుపుతుంది, బొమ్మ చెడదు. ఎంత పక్కగా పెడతారట?

తమ్ముడు: రాయలేదు.

అక్క: పక్కకి జరిపే షిఫ్ట్ కొన్నింటికే ఉంటుంది, అదీ కొంతవరకే. కొలత లేకుండా ఏ మోడల్ చెప్తాం? రాసి పంపమను.

తమ్ముడు: విన్నారుగా, బల్ల ఎక్కడుందో, తెర మధ్య నుంచి ఎంత పక్కకో రాయండి. కుదిరితే ఒక ఫొటో కూడా... అక్కా, నీ ఫోనే మోగుతోంది.